డెబ్భై కిలోమీటర్ల కోలాటం: ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

మా అక్క కూతురు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటుంది, నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. ఎవరి ఇంట్లో వాళ్లం వీఆర్ హెడ్‌సెట్ (కృత్రిమ లోకాన్ని కళ్లముందు చూపే పరికరం) తగిలించుకొని, ఒకే ముంగిట్లో ఎదురెదురుగా నిలబడినట్లు జంట కోలాటం వేయాలన్నది ఈ ప్రాజెక్టు. ఆమె ఊరి బృందంతో చిన్నప్పటి నుంచి ఆడుతున్న పిల్ల, బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో వాహనం ముందు కోలలు పట్టి నడిచింది. నాకు ప్రోగ్రాములు రాయడం వచ్చు, కోలాటం రాదు. హెడ్‌సెట్లు రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్వెస్ట్ 2లు, ఆట రాసేది గొడో అనే ఆటల ఇంజిన్‌లో.

కోలాటాన్నే ఎంచుకోవడానికి కారణం అది నెట్‌వర్క్ ఆలస్యాన్ని ఏమాత్రం మన్నించకపోవడమే. పేకాటలో అర సెకను ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు. తుపాకుల ఆటలో 50 మిల్లీసెకన్ల తేడాను సర్వర్ ఏదో లెక్క వేసి కప్పిపుచ్చుతుంది. కోలాటంలో మాత్రం రెండు కోలలు గాలిలో ఒకే చోట, ఒకే క్షణంలో కలవాలి. "కోల తగలకపోతే చెయ్యి ఊరికే ముందుకు పడిపోతాది మామా, ఆ తర్వాత అడుగు కూడా తప్పుతాది" అని ఆమె ముందే హెచ్చరించింది.

ఈ రోజు నేను చేసిన పొరపాటును మొదట రాసిపెడతాను. ఆటలో ఏది ఎక్కడ ఉందో తేల్చే అధికారం మొత్తం సర్వర్‌దే కావాలనుకొని, నా తల ఎటు తిరిగిందన్నది కూడా సర్వర్‌కు వెళ్లి వచ్చాకే తెరమీద కనిపించేలా రాశాను. సర్వర్ పక్క గదిలోని ల్యాప్‌టాప్‌లో ఉన్నంత సేపూ ఏ తేడా తెలియలేదు. ఊళ్ల మధ్య దూరాన్ని అనుకరించడానికి లైనక్సులోని నెట్‌ఎమ్‌తో 80 మిల్లీసెకన్లు కలిపి, తల ఒక్కసారి అటూ ఇటూ తిప్పాను. లోకమంతా నా తల వెనక జారుతూ వచ్చి ఆగింది. నాలుగోసారి తిప్పేసరికి కడుపులో తిప్పింది, హెడ్‌సెట్ తీసి పావుగంట మంచం మీద పడుకోవలసి వచ్చింది.

దీనికి శరీరంలోనే కారణం ఉంది. తల కదలగానే లోపలి చెవి ఆ కదలికను పసిగట్టి, 10 మిల్లీసెకన్ల ప్రాంతంలోనే కళ్లను ఎదురు దిశకు తిప్పిస్తుంది; అందుకే నడుస్తూ కూడా బోర్డులు చదవగలుగుతున్నాం. కంటికి కనిపించేది చెవి చెప్పినదానికి వెనకబడితే మెదడుకు ఆ రెండు సాక్ష్యాలూ పొసగవు. తల కదిలిన క్షణం నుంచి తెరమీద వెలుగు మారే దాకా పట్టే సమయం 20 మిల్లీసెకన్లకు మించకూడదని ఆటల ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 2013లోనే రాశాడు. 72 హెర్ట్జ్ తెరమీద, అంటే సెకనుకు 72 బొమ్మలు చూపే తెరమీద, ఒక్క ఫ్రేముకే 13.9 మిల్లీసెకన్లు పోతాయి, 90 హెర్ట్జ్ అయితే 11.1. అందుకే హెడ్‌సెట్ బొమ్మ గీయడం పూర్తయ్యాక కూడా చివరి క్షణంలో సెన్సార్లను మరోసారి చదివి, గీసిన బొమ్మనే కొంచెం పక్కకు జరిపి చూపిస్తుంది. ఇంత ఇరుకైన లెక్కలోకి ఇంటర్నెట్‌ను తీసుకురావడం నా తెలివితక్కువతనం. తల, నా చేతులు ఇకపై పూర్తిగా హెడ్‌సెట్ అధీనంలోనే ఉంటాయి. ఎదుటి మనిషి చేతులు మాత్రమే నెట్‌వర్క్ మీద వస్తాయి.

జూన్ 15, ఆదివారం

మొదటిసారి చిత్తూరుతో కలిపి చూశాం. ఆమె చెయ్యి కదులుతూ కదులుతూ బిగుసుకుపోయి, పావు సెకను తర్వాత ఎగిరి మరో చోట ప్రత్యక్షమయ్యేది. సులువుగా ఉంటుందని వెబ్‌సాకెట్ వాడాను, అది టీసీపీ అనే ఇంటర్నెట్ రవాణా పద్ధతి మీద నడుస్తుంది. టీసీపీ నియమం ప్రకారం అన్నీ వరుస తప్పకుండా అందాలి; ఒక ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) దారిలో పోతే, అది మళ్లీ వచ్చేదాకా దాని వెనక సురక్షితంగా చేరినవి కూడా గుమ్మం బయటే నిలబడతాయి. ఉత్తరానికో, బ్యాంకు లావాదేవీకో అది న్యాయం. చెయ్యి ఎక్కడుందో చెప్పే సమాచారం మాత్రం తర్వాతది రాగానే చెత్తబుట్టకు చేరవలసినదే కాబట్టి, పోయినదాని కోసం ఎదురుచూడడంలో అర్థం లేదు. పోయినదాని కోసం ఆగకుండా పంపుకుంటూ పోయే, 1980లో మూడు పేజీల పత్రంగా వెలువడిన యూడీపీకే మారిపోయాను. బిగుసుకుపోవడం ఆ రాత్రికే పోయింది.

మారుస్తూ ప్యాకెట్ బరువు కూడా లెక్కవేశాను. తల, రెండు చేతులు, ఒక్కొక్కదానికి స్థానమూ దిశా కలిపి 28 బైట్లు, వరుస సంఖ్యకూ కాలముద్రకూ 8, యూడీపీ, ఐపీ హెడర్లకు 28, మొత్తం 120 బైట్లు. సెకనుకు 60 సార్లు పంపితే 58 కిలోబిట్లు కూడా కాదు. మా ఇంటి కనెక్షన్ 100 మెగాబిట్లు. అంటే ఈ ఆటకు అందులో వెయ్యోవంతు కూడా అక్కరలేదు. ప్లాను పెంచుకుంటే ఆట బాగుపడుతుందన్న ఆశకు ఇక్కడే తలుపు మూసుకుంది.

తర్వాతి తప్పు సర్వర్ ఉన్న చోటు. ముందుగా ఎంపికై ఉన్న సింగపూర్‌ను మార్చకుండానే సర్వర్ కోసం వర్చువల్ మెషీన్ (క్లౌడ్‌లో అద్దె కంప్యూటర్) తీసుకున్నాను. తిరుపతి నుంచి సింగపూర్ తిన్నగా గీత గీస్తేనే సుమారు 3,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, రానూపోనూ 30 మిల్లీసెకన్ల కన్నా తక్కువ ఎవరి తరమూ కాదు. నాకు వచ్చింది 62. నా చెయ్యి సింగపూర్ వెళ్లి అక్కడి నుంచి చిత్తూరు చేరడానికి దాదాపు అదే సమయం. వేగంగా ఊపిన కోల సెకనుకు 3 మీటర్లు కదులుతుందనుకుంటే, ఆమెకు కనిపించే నా కోల అసలు చోటుకు 18 సెంటీమీటర్లు వెనకుంటుంది. మూరెడు కోలలో అది సగానికి కొంచెమే తక్కువ.

దానికన్నా వింతైనది లయ. నిమిషానికి 120 దెబ్బల కాలంలో మొదలుపెట్టాం, అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లు. నేను ఆమె దెబ్బ విని నాది వేస్తాను, ఆమె నాది విని తనది వేస్తుంది. ఒక్కొక్కరం సుమారు 60 మిల్లీసెకన్లు ఆగుతుంటే కాలం 107కు దిగజారుతుంది. ఎవరూ తగ్గించాలనుకోలేదు, ఎవరికీ తగ్గించినట్లు అనిపించనూ లేదు. రికార్డింగ్ విన్నాకే ఇద్దరం నవ్వుకున్నాం, రెండో కాలంలో ఎత్తుకున్న పాట జోలపాటలా ముగిసింది.

జూన్ 18, బుధవారం

సర్వర్‌ను హైదరాబాద్‌కు మార్చాను. సర్వర్‌కు రానూపోనూ నాకు 19 మిల్లీసెకన్లు, ఆమెకు 24. రెండింట్లో సగాలు కలిపితే చేతి నుంచి చేతికి 21.5 మిల్లీసెకన్లు, కోల తేడా ఆరున్నర సెంటీమీటర్లు.

మధ్యలో సర్వర్ లేకుండా నేరుగా కలిస్తే ఇంకా తగ్గుతుందని ఆశపడ్డాను. కంపెనీలు ఒకే ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్) చిరునామాను ఎందరో చందాదారులకు పంచుతున్నందువల్ల ఆ దారి కుదరలేదు. అదృష్టం కొద్దీ ఇద్దరికీ ఎవరి చిరునామా వాళ్లకే ఉండే ఐపీవీ6 ఉంది. కనెక్షన్ కుదిరింది, పింగ్ (రానూపోనూ పట్టే సమయం) చూస్తే 46 మిల్లీసెకన్లు! తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, ఆ దూరానికి కాంతికి ఒక వైపు అర మిల్లీసెకను కూడా పట్టదు. ప్యాకెట్ ఏ దారిన పోతోందో చూపే ట్రేస్‌రూట్ తీస్తే వరుసలో ముంబై పేరున్న నోడ్లు కనిపించాయి. మా రెండు కనెక్షన్లు వేర్వేరు కంపెనీలవి, అవి ఒకదానికొకటి ప్యాకెట్లు అప్పగించుకునే చోటు అక్కడ ఉన్నట్లుంది. పాకాల మీదుగా పోవలసినవాడు అరేబియా సముద్రం చూసి వచ్చినట్లయింది. దారి మార్చడం నా చేతిలో లేని పని కాబట్టి హైదరాబాద్‌తోనే సరిపెట్టుకున్నాను.

21.5 మిల్లీసెకన్లు ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నకు గాలే జవాబు చెప్పింది. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది. ఆ లెక్కన ఆమె కోల చప్పుడు నాకు ఏడు మీటర్లకు పైగా దూరం నుంచి వస్తున్నట్లు. పెద్ద బృందాల వలయం అంతకన్నా వెడల్పుగానే ఉంటుంది, అవతలి అంచున ఉన్నవాళ్లు తాళం తప్పకుండానే ఆడుతున్నారు. వినికిడికి ఇది చాలు. కంటికి చాలదు, ఎందుకంటే ఆటలో ఆమె నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

జూన్ 29, ఆదివారం

పదకొండు రోజులుగా ఒకే బెడద. పగలు చక్కగా సాగే ఆట రాత్రి తొమ్మిది దాటగానే కుంటుతోంది. "నువ్వు తాగి ఆడినట్లు ఉండావు మామా" అని చిత్తూరు నుంచి ఫిర్యాదు. సెకనుకు పది చొప్పున పింగ్ కొలిచే చిన్న స్క్రిప్టు రాసి మూడు రాత్రులు నడిపించాను. పగలు గీత 19 దగ్గర తీగలా నిలబడింది. రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా 19, 22, 310, 405, 380, 24 అంటూ లేచి పడింది. సగటు తీస్తే ఎనభై చిల్లర వస్తుంది, కానీ నేను ఆడుతున్నప్పుడు ఏ ఒక్క క్షణంలోనూ ఆలస్యం ఎనభై లేదు. అప్పటి నుంచి సగటు చూడడం మానేసి, వంద ప్యాకెట్లలో అన్నిటికన్నా ఆలస్యమైన ఒకటి రెండింటినే చూస్తున్నాను. చెయ్యి తప్పేది వాటి దగ్గరే. ఎప్పుడూ 40 ఉంటే మెదడు నాలుగు నిమిషాల్లో అలవాటుపడుతుంది, 20కీ 60కీ మధ్య ఊగితే ఎన్నటికీ అలవాటుపడదు.

తప్పు కంపెనీదేనని ఖాయం చేసుకొని ఫోన్ చేశాను. వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు, వైర్ చూశాడు, ఫోన్‌లో స్పీడ్ టెస్టు పెట్టాడు. "నూరు వస్తా ఉండాది గదన్నా, ఇంకేం గావల్ల?" అన్నాడు. అతని కొలబద్దతో అతను చెప్పింది నిజమే, పైపు ఎంత లావుందో అది చూపిస్తుంది. నీళ్లు ఎంతసేపు నిలబడుతున్నాయో చూపించదు.

అసలు దొంగ ఇంట్లోనే దొరికాడు. మా తమ్ముడు తొమ్మిదికి ఇంటికి రాగానే అతని ఫోన్ వైఫైకి తగులుకొని, ఆ రోజు తీసిన ఫొటోలనూ వీడియోలనూ పైకి పంపడం మొదలుపెడుతుంది. మా అప్‌లోడ్ 20 మెగాబిట్లు. రౌటర్ తన బఫర్‌లో, అంటే పంపే ముందు ప్యాకెట్లను ఆపి ఉంచే చోట, ఒక మెగాబైటు దాచుకోగలదనుకుంటే, అది ఖాళీ కావడానికి 0.4 సెకను పడుతుంది. నా 120 బైట్ల ప్యాకెట్ వెళ్లి ఆ వరుస చివర నిలబడుతుంది. నా స్క్రిప్టు చూపిన 405 సరిగ్గా అదే.

ఈ సంగతి తిరుపతివాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఎన్ని కంపార్టుమెంట్లు కలిపినా ఎక్కువమంది కూర్చోవడానికి చోటు దొరుకుతుంది కానీ దర్శనం ముందుగా కాదు, లోపల వరుస కదిలే వేగం అదే కనుక. రౌటర్ తయారుచేసేవాళ్లు ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని బఫర్లు పెంచుకుంటూ పోయి, నిరీక్షణను పెంచేశారు. ప్రోగ్రామర్ జిమ్ గెటీస్ 2010లో తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని పట్టుకొని లోకానికి చాటాడు. బఫర్‌బ్లోట్ అన్న పేరు అలా వాడుకలోకి వచ్చింది. మందు 2012లో కాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ రాసిన కోడెల్ అనే పద్ధతి. వరుస ఎంత పొడవుందన్నది అది చూడదు, ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు దిగకపోతే కొన్నిటిని పారేస్తుంది. పారేయడం అన్యాయంలా కనిపిస్తుంది కానీ, పంపేవాడికి "నెమ్మదించు" అని తెలిపేది అదే. టైమ్ స్లాట్ టోకెన్ ఇచ్చి మనిషిని కంపార్టుమెంటులో కాకుండా బసలోనే ఉంచడం లాంటిది.

అటక మీద పడున్న పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వరుసలను అదుపు చేసే ఎస్‌క్యూఎమ్‌లో అప్‌లోడ్ హద్దును 18 మెగాబిట్లుగా పెట్టాను. రెండు మెగాబిట్లు వదులుకోవడానికి కారణం, వరుస కంపెనీ డబ్బాలో కాకుండా నా అదుపులో ఉన్న రౌటర్‌లోనే ఏర్పడాలన్నది. అందులోని ఎఫ్‌క్యూ కోడెల్ ఒక్కో ప్రవాహానికి ఒక్కో వరుస కట్టి, నా ఆటలాగా కొంచెం కొంచెం పంపేవాటిని ముందు వదులుతుంది. తమ్ముడి ఫొటోలు పోతూ ఉండగానే పింగ్ అత్యధికం 27. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఒక్క సాయంత్రంలో ఇంత లాభం మరే పనీ ఇవ్వలేదు, దీనికి ఖర్చు సున్న.

జూలై 2, బుధవారం

వైఫై సంగతి త్వరగా తేలిపోయింది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, మా వీధిలో కనిపించే నెట్‌వర్కులేమో ఇరవై ఆరు. రెండు ఇళ్లలోనూ 5 గిగాహెర్ట్జ్‌కు మారాం. అక్క వాళ్లింట్లో రౌటర్ గోడకు అవతల పడకగదిలో ఉండేది, బావగారు పొడుగు వైర్ వేయించి హాల్లోకి తెచ్చారు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. పింగ్ బాగుంది, ఊగిసలాట లేదు, అయినా ఆమె "కోల తగిలినాక చప్పుడు వస్తా ఉండాది" అంటూనే ఉంది. రెండు రోజులు నా ప్రోగ్రామును తిట్టుకున్నాను. చివరికి వీడియో కాల్‌లో చూస్తే ఆమె చెవుల్లో బ్లూటూత్ ఇయర్‌బడ్లు! మామూలు బ్లూటూత్ శబ్దానికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు తేలిగ్గా చేర్చేస్తుంది, శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పాలి కాబట్టి. హైదరాబాద్ వెళ్లి వచ్చే ప్యాకెట్‌కు 24, హెడ్‌సెట్ నుంచి చెవి దాకా జానెడు దూరానికి దానికి ఎన్నో రెట్లు. యాభై రూపాయల వైర్ ఇయర్‌ఫోన్‌తో ఆ ఫిర్యాదు మాయమైంది.

జూలై 6, ఆదివారం

మిగిలిన 21.5 మిల్లీసెకన్లను తగ్గించలేను కాబట్టి దాచాలి. అందరూ వాడే పద్ధతి, చెయ్యి ఏ వేగంతో ఏ దిశలో పోతోందో చూసి, ఇప్పుడు ఎక్కడ ఉండాలో ఊహించి అక్కడే చూపడం. అమెరికా సైన్యం 1980లలో సిమ్‌నెట్ అనే యుద్ధ శిక్షణ నెట్‌వర్క్‌లో టాంకుల కోసం వాడినది ఇదే. టాంకు హఠాత్తుగా వెనక్కు ఎగరదు. కోల ఎగురుతుంది! తగలబోయే క్షణంలో ఆమె చెయ్యి ఆగి వెనుదిరుగుతుంది, నా ఊహ మాత్రం పాత వేగంతోనే సాగి ఆమె కోలను నా కోలలో నుంచి అవతలికి దూర్చేసింది. అన్నిటికన్నా ముఖ్యమైన క్షణంలోనే ఊహ బోల్తా పడింది.

తుపాకుల ఆటలు దీన్ని ఎలా సర్దుతున్నాయో చదివాను. 1996లో క్వేక్‌వరల్డ్ తన ఆటగాడి కదలికను సర్వర్ కోసం ఆగకుండా చూపడం మొదలుపెట్టింది. వాల్వ్ సంస్థ పద్ధతిలో సర్వర్ కాలాన్ని వెనక్కు తిప్పి, కాల్చినవాడికి ఆ క్షణంలో ఏం కనిపించిందో దాని ప్రకారం తీర్పు చెబుతుంది. గోడ చాటుకు వచ్చేశాక కూడా చచ్చిపోయామని మా తమ్ముడు రోజూ గొణిగేది ఈ తీర్పు గురించే, కాల్చినవాడి తెరమీద అతను ఇంకా గోడ బయటే ఉన్నాడు. అక్కడ ఒకడు గెలవాలి, ఒకడు ఓడాలి కాబట్టి ఒకే నిజం ఉండక తప్పదు. కోలాటంలో ఓడేవాళ్లు లేరు. ఆమె ఇంట్లో ఆమెకు, నా ఇంట్లో నాకు కోల సరిగ్గా తగిలితే చాలు; ఆ రెండు తగలడాలూ ఒకే క్షణంలో జరగనక్కరలేదు. ఇంత చిన్న విషయం తట్టడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

అందుకని ఊహను వేగం మీద కాకుండా తాళం మీద నిలబెట్టాను. తాళం రెండు ఇళ్లలోనూ ఎవరి హెడ్‌సెట్‌లో వాళ్లకే మోగుతుంది, మోగే క్షణాన్ని గడియారాలు కుదుర్చుకొని నిర్ణయిస్తాయి. గడియారం కుదర్చడానికి ఎన్‌టీపీ పద్ధతినే అనుసరించాను: ప్రశ్న వెళ్లి వచ్చిన సమయంలో సగం తీసుకోవడం, ముప్పై సార్లు అడిగి అన్నిటికన్నా త్వరగా వచ్చిన జవాబునే నమ్మడం, దారిలో ఎక్కడా వరుసలో నిలబడనిది అదే కనుక. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడాలో తెలుసు, ఆ కోపులో (కోలాటపు అడుగుల వరుసలో) కోలలు ఎంత ఎత్తులో కలుస్తాయో తెలుసు. కాబట్టి ఆమె చేతి దారిని చివరి 60 మిల్లీసెకన్లలో మెల్లగా ఆ బిందువు వైపు వంచుతాను. ఆమె నిజంగా కొట్టకుండా ఆగిపోతే ఆ వంపును వదిలేసి, 21.5 మిల్లీసెకన్లు పాతదైనా నిజమైన చేతినే చూపుతాను. కోల కలిసినప్పుడు టక్కుమనే చప్పుడు, చేతిలోని కంట్రోలర్ అదురు రెండూ నా హెడ్‌సెట్ నుంచే పుడతాయి, నెట్‌వర్క్ నుంచి కాదు.

ఇంకో దారి కూడా ఉంది. నింజామ్ అనే ప్రోగ్రాములో సంగీతకారులు ఒకరినొకరు సరిగ్గా ఒక ఆవర్తం ఆలస్యంగా వింటారు, ఆలస్యాన్ని తగ్గించే బదులు పూర్తి చుట్టుకు పెంచేస్తారు. ఒకే కోపు తిరిగి తిరిగి ఆడేటప్పుడు అది హాయిగానే ఉంది. గురువు కేక వేసి కోపు మార్చగానే ఎదుటి మనిషి ఒక చుట్టు సేపు పాత కోపులోనే ఉండిపోతుంది. ఆమె ఒక్కసారి ఆడి వద్దంది, నేనూ బలవంతపెట్టలేదు.

జూలై 13, ఆదివారం

ఈ సాయంత్రం నిమిషానికి 120తో మొదలుపెట్టి ఇరవై నిమిషాలు ఆడాం. చివర కొలిస్తే 119. మొత్తం దెబ్బల్లో నా వైపు తప్పినవి పద్నాలుగు, వాటిలో పదకొండు నా అడుగు తప్పినందువల్లే అని లాగ్ చెబుతోంది. మిగిలిన మూడూ వెంటవెంటనే ఉన్నాయి, అప్పుడు చిత్తూరులో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు రౌటర్ ఒక్క క్షణం తడబడింది.

ఆమెకు తెలియకుండా ఒక పరీక్ష కూడా చేశాను. రెండో పాటలో వంపును తీసేసి, నెట్‌వర్క్ తెచ్చిన చేతినే ఉన్నదున్నట్లు చూపించాను. పల్లవి పూర్తి కాకముందే ఆమె ఆగి, కోలలు దించి, "ఏం మార్చినావు మామా? ఇంతసేపూ ఎదురుగానే ఉండావు, ఇప్పుడు యాడికో పోయినావు" అంది. తిరిగి పెట్టాను. ఏమీ అనకుండా తాళం అందుకుంది.

వచ్చే వారం నలుగురితో జడకోలాటం ప్రయత్నించాలి. పై నుంచి వేలాడే తాళ్లను ఎవరి ఇంట్లో వాళ్లకు వేర్వేరుగా చూపడం కుదరదు, జడ ఒక్కటే కనుక; అల్లిక ఏ క్రమంలో పడిందో ఈసారి సర్వరే తేల్చవలసి వస్తుంది.